సగం నాన్నగారిది

రెండేళ్లు శ్రమించి బెంగాలీ నుండి తెలుగులోకి అనువదించిన పద్నాలుగు కథల వ్రాతప్రతిని 2022లో హైదరాబాదులోని ఒక ప్రచురణకర్తకు పంపాను. నెల తిరక్కుండానే జవాబు వచ్చింది. కథలు బాగున్నవనీ, అచ్చు వేయడానికి తాము సిద్ధమనీ వ్రాసి, చివర ఒక్క వాక్యం చేర్చారు: "మూలరచయిత హక్కుదారుల అనుమతి పత్రం జతపరచగలరు."

నా వద్ద అటువంటి పత్రం లేదు. నిజం చెప్పాలంటే, అది ఒకటి కావాలన్న ఆలోచనే నాకు అంతవరకు కలుగలేదు.

నేను పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం. పెళ్లయిన తరువాత కోల్‌కతాలో లేక్ మార్కెట్ ప్రాంతంలో స్థిరపడ్డాను. శరత్‌బాబు నవలలను తెలుగు నవలలే అనుకొని చదివిన కుటుంబం మాది. ఆయన 1938లో మరణించారు. 1988తో ఆయన రచనల మీది హక్కులు ముగిసిపోయాయి. ఆ ఉదాహరణ చూసి బెంగాలీ సాహిత్యమంతా ఊరుమ్మడి చెరువనీ, ఎవరి బిందె వారు ముంచుకోవచ్చుననీ నేను భ్రమపడ్డాను.

ఉత్తరం చూసిన తరువాత నాకు మొదట తోచింది, ఇటువంటి అనుమతులిచ్చే సంస్థ ఏదో ఉండకపోదని. మా తెలుగు సంఘం ఉగాది వేడుకకు సినిమా పాటల కచేరీ ఏర్పాటు చేసినప్పుడు లైసెన్సు రుసుము చెల్లించిన సంగతి జ్ఞాపకం వచ్చింది. ఒక్క సంస్థకు రుసుము కడితే వేలాది పాటలకు అనుమతి లభించింది. మరి కథలకు మాత్రం ఎందుకు లభించదు?

ఈ ఏర్పాటు పుట్టుక వెనుక ఒక ముచ్చటైన కథ ఉన్నది. 1847లో పారిస్ నగరంలో ఎర్నెస్ట్ బూర్జే అనే గీతకర్త ఒక కాఫీహోటలుకు వెళ్లాడు. అక్కడి వాద్యబృందం ఆయన పాటనే వాయిస్తున్నది. బిల్లు వచ్చినప్పుడు ఆయన చెల్లించనన్నాడు. "మీరు నా పాటకు డబ్బివ్వలేదు, నేను మీ పానీయానికి ఇవ్వను" అన్నది ఆయన వాదన. వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది, గీతకర్తే గెలిచాడు. అయితే ఏ రచయితా ఊరూరా తిరిగి హోటలు హోటలుకూ లెక్క అడగలేడు గదా! అందుచేత 1851లో రచయితలూ స్వరకర్తలూ కలిసి వసూలు సంఘం ఒకటి స్థాపించుకొన్నారు. మన దేశంలో పాటల కోసం ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969లో ఏర్పడింది. పుస్తకాల పుటలను ఫోటోకాపీ తీయడానికి లైసెన్సులిచ్చే సంస్థ 2000లో ఢిల్లీలో వెలసింది.

విచారించగా తెలిసినదేమంటే, అనువాదం ఈ రెండింటిలో దేనికిందికీ రాదు. కారణం ఆలోచిస్తే సబబుగానే తోచింది. పాట ఏ హోటల్లో మ్రోగినా అదే పాట. ఫోటోకాపీ ఎన్ని తీసినా అదే పుట. అనువాదం అటువంటిది కాదు. అది కథకు మరొక నోరు ఇవ్వడం. ఆ నోరు ఎవరిదో ఇంటివారు తెలుసుకోగోరడంలో తప్పేమున్నది?

కాలేజీ వీధిలోని మూలప్రచురణకర్త దుకాణానికి వెళ్లాను. వారికున్నవి బెంగాలీ ముద్రణ హక్కులు మాత్రమేనట. రచయిత 1970వ దశకంలో కాలం చేశారు. మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కులు వారసులవే గనుక కుటుంబాన్ని అడగవలసిందేనని చెప్పి, బాగ్‌బజార్‌లో ఉన్న వారి అమ్మాయికి ఫోను చేసి, నన్ను రమ్మన్నారని చెప్పారు. ఆ కుటుంబం పేరు ఇక్కడ వ్రాయను. వారి నెమ్మది వారిది.

కాళీఘాట్‌లో మెట్రో ఎక్కి శ్యాంబజార్‌లో దిగేదాకా నా గుండె దడదడలాడుతూనే ఉన్నది. దానికి కారణం పద్నాలుగు కథలు కావు, పదిహేనవది. 2004లో, ఉద్యోగం లేని రోజులలో, అదే రచయిత కథ ఒకటి అనువదించి ఒక తెలుగు వారపత్రికకు పంపాను. అచ్చయింది. మూడు వందల రూపాయల మనియార్డరు వచ్చింది. ఎవరినీ అడగలేదు.

తలుపు తీసిన వృద్ధురాలికి ఎనభై ఏళ్లుంటాయి. "మాసీమా" అని పిలిచి పాదాలకు నమస్కరించాను. టీ వచ్చింది. వ్రాతప్రతిని చేతిలోకి తీసికొని, తనకు తెలియని లిపిని వేలితో తడుముతూ ఆమె తాపీగా అడిగారు: "నాన్నగారి కథలు ఇంతకుముందు మీ భాషలోకి ఎవరైనా తెచ్చారా, అమ్మా?"

లేదని ఉంటే సరిపోయేది. ఆమెకు తెలిసే అవకాశమూ లేదు. కాని ఆ వేలు ఇంకా కాగితం మీదనే ఉన్నది.

"తెచ్చారు, మాసీమా. నేనే. ఒక కథ. ఎవరినీ అడగకుండా."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. అనుమతి ఆశ వదులుకొని, వ్రాతప్రతిని ఎలా తిరిగి అందుకోవాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడామె అడిగారు: "వాళ్లు నీకెంత ఇచ్చారు?"

"మూడు వందలు."

"అయితే అందులో సగం నాన్నగారిది."

చేతిసంచీ తీసి నూట యాభై రూపాయలు ఆమె ముందుంచాను. ఆమె లెక్కపెట్టి, ఒక పాత పోస్టుకార్డు వెనుక బెంగాలీలో రసీదు వ్రాసి, తేదీ వేసి, సంతకం చేసి నా చేతికిచ్చారు. నవ్వలేదు. వేళాకోళం ఏమీ లేదు అందులో. పద్దెనిమిదేళ్ల బాకీ ఒకటి ఆ బల్ల మీద తీరింది.

"ఇప్పుడు చదువు" అన్నారు.

"మీకు తెలుగు రాదు గదా?"

"వినడం వచ్చు."

మొదటి కథ చదివాను. తండ్రి మీద అలిగిన కూతురు భోజనానికి లేవని ఘట్టంలో ఆమె ఒక్కసారిగా చేయెత్తారు. "ఓభిమాన్! ఆ మాట మీ భాషలోనూ ఉన్నదా?"

ఉన్నది; కాని అర్థం అది కాదు. బెంగాలీలో ఆ మాటకు, ఆత్మీయులు నొప్పించినప్పుడు కలిగే ప్రేమతో కూడిన కినుక అని అర్థం. పరాయివారి మీద అది పుట్టదు. తెలుగులో అభిమానమంటే ఇష్టం, ఆదరం. లేదా పరువు పట్టింపు. "కూతురి కళ్లలో అభిమానం" అని వ్రాసి ఊరుకొన్నాను. తెలుగు పాఠకుడు ఆ పిల్ల తండ్రిని ప్రేమగా చూస్తున్నదని అనుకొంటాడు. నాలుగుసార్లు దిద్దిన నా కంటికి కనిపించని తప్పు, భాష రాని ఆమె చెవికి దొరికింది.

విషయం ఒప్పుకొన్నాను. "అలక" అనే మా మాట చెప్పి, దాని బరువు వివరించాను. ఆమె రెండుమూడుసార్లు పలికి చూసుకొని, "ఇది చిన్నపిల్లల కోపంలాగా వినిపిస్తున్నది, బాగున్నది" అన్నారు.

సెలవు తీసికొనే ముందు, అనుమతికి ఏమైనా షరతులున్నవా అని అడిగాను. ఆమె జార్జ్‌దా ప్రసక్తి తెచ్చారు. దేవబ్రత బిశ్వాస్‌ను కోల్‌కతా అలాగే పిలుచుకొన్నది. రవీంద్రుని గ్రంథాల హక్కులు విశ్వభారతివి. 1991తో ముగియవలసిన వాటిని చట్టం మరి పదేళ్లు పొడిగించగా 2001 డిసెంబరు 31 దాకా సాగాయి. ఆ కాలంలో రవీంద్రగీతం రికార్డు కావాలంటే సంస్థ సంగీత మండలి ఆమోదించాలి. వాద్యాలు అధికమనీ, బాణీ తప్పిందనీ అభ్యంతరాలు రాగా, దేవబ్రత బిశ్వాస్ 1970వ దశకం ఆరంభంలో ఆ గీతాలను రికార్డు చేయడమే మానుకొన్నారు. ఆ బాధను ఆత్మకథగా వ్రాశారు. 1980లో మరణించారు. పాట చెడిపోకూడదన్నది మండలి తపన. గొంతు మూగబోయిందన్నది శ్రోతల బాధ.

"నేను కాపలాదారునే గాని తాళం కప్పను కాను" అన్నారు మాసీమా. "తప్పు వినిపిస్తే చెపుతాను. దిద్దడం నీ పని."

తరువాతి పని కాగితాలది. అనుమతి లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ భాషకు, ఏ ప్రాంతానికి, ఎంతకాలానికి, ఎంత రాయల్టీకి అన్నవి స్పష్టంగా వ్రాయాలి. హక్కు బదిలీ పత్రంలో కాలం పేర్కొనకపోతే 1957 నాటి మన చట్టం దానిని అయిదేళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశంగా భావిస్తుంది. వారసులు ఎందరుంటే అందరూ సంతకాలు చేయడం క్షేమం. విదేశంలో ఉన్న ఆమె తమ్ముని సంతకానికి అయిదు నెలలు పట్టింది.

వారసులు నిరాకరించినా, ఎంత వెదకినా దొరకకపోయినా చట్టంలో ఇంకొక మార్గమున్నది. మూలం వెలువడి ఏడేళ్లు గడిచి, ఆ భాషలో అనువాదం రాకుండా ఉంటే లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకప్పుడు కాపీరైట్ బోర్డుకు ఉండిన ఆ అధికారం 2021 నుండి న్యాయస్థానాలకు సంక్రమించింది. ఒంటరి అనువాదకులకు ఆ దారి సుగమం కాదు. పాటలకున్నట్లు అనువాదాలకు కూడా, కనీసం ఏ రచయిత వారసులు ఎక్కడున్నారో చెప్పే చోటు ఒకటి ఉంటే ఎన్నో వ్రాతప్రతులు పెట్టెల్లో మ్రగ్గవు. అది రావాలని కోరుకొంటాను. అయితే అది వచ్చినా, రుసుము కట్టి రసీదు పుచ్చుకొని, బాగ్‌బజార్ గడప తొక్కకుండానే నేను ఇంటికి తిరిగి వచ్చి ఉంటే, ఆ కూతురి కళ్లలో తప్పు మాట అలాగే అచ్చయి ఉండేది.

పుస్తకం వెలువడింది. మొదటి రాయల్టీ తక్కువే. అయినా ఒప్పందం ప్రకారం ఆమె భాగం పట్టుకొని వెళ్లాను. ఆమె లెక్కపెట్టుకొని, మళ్లీ ఒక పోస్టుకార్డు కోసం వెదికారు.