మగపిల్లాడు దాచుకునే నొప్పి

వంటల పేజీ, ముగ్గుల పేజీ చూసి ఇటు తిప్పారు కదా, ముందే చెబుతున్నాను. ఇది కాస్త మొహమాటపడే విషయమే. అయినా మగపిల్లల తల్లులం మనం మాట్లాడుకోకపోతే ఇంకెవరు మాట్లాడతారు చెప్పండి?

ఆడపిల్ల పెద్దమనిషైతే పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెబుతాం. నొప్పి వస్తే దాచుకోకు అంటాం. మరి మగపిల్లాడికి? ఏడెనిమిదేళ్ళు రాగానే "సిగ్గులేదూ, నిక్కరు వేసుకో" అంటాం. అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. వాడూ ఎత్తడు.

మా ఆడపడుచు కొడుకు 2013లో విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదివేవాడు. డిసెంబరు నెల. ఓ రాత్రి రెండు గంటలకు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచాడట. ఎడమ వృషణంలో, అదే మనం బీజం అంటాం కదా, అందులో ప్రాణం పోయేంత నొప్పి. రెండుసార్లు వాంతి. వార్డెన్ అడిగితే కడుపునొప్పి అన్నాడు. ఆయన ఓ మాత్ర ఇచ్చి పడుకోమన్నాడు. అసలు చోటు చెప్పడానికి పిల్లాడికి నోరు రాలేదు. మర్నాడు సాయంత్రం గోడ పట్టుకుని నడుస్తుంటే స్నేహితుడు గట్టిగా అడిగి, వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాడు. అందరం ఆసుపత్రికి చేరేసరికి రాత్రి పది దాటింది.

చూసిన వెంటనే సర్జన్ గారు, "మెలి పడిందమ్మా" అన్నారు. బీజానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు తాడులా పైనుంచి దిగుతాయట. కొందరు పిల్లలకు పుట్టుకతోనే బీజం సంచి గోడకు సరిగ్గా అతుక్కోదు. గుడిగంటలో నాలుకలా వేలాడుతూ ఉంటుంది. అలాంటప్పుడు ఆ తాడు గిర్రున మెలి తిరిగితే రక్తం ఆగిపోతుంది. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే బీజం చాలావరకు దక్కుతుంది. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గిపోతుంది. ఇరవై నాలుగు గంటలు దాటితే దక్కడం అరుదు. మావాడికి అప్పటికే ఇరవై గంటలైంది. లోపల నల్లగా మారిపోయిన బీజాన్ని తీసేశారు. కుడివైపుది కూడా అలా తిరిగిపోకుండా లోపల కుట్లు వేసి నిలబెట్టారు.

మా ఆడపడుచు ఏడుస్తూ, "వదినా, వీడేం పాడుపని చేశాడో" అంది. నేను ఆ మాటే డాక్టరు గారిని అడిగాను. "ఏ పనీ చేయలేదమ్మా. పుట్టుకలో ఉన్న తేడా. పన్నెండు నుంచి పద్ధెనిమిదేళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ. నిద్రలో కూడా వస్తుంది" అన్నారాయన. పెళ్ళీ పిల్లల సంగతి అడిగితే నవ్వి, "కిడ్నీ ఒకటి దానం చేసినవాళ్ళు బతకడం లేదా? రెండోది బాగుంటే చాలు" అన్నారు. గడ్డం మీసం, గొంతు, మగతనం అన్నిటికీ ఆ ఒక్కటీ సరిపోతుందట. చూడటానికి వెలితిగా అనిపిస్తే పెద్దయ్యాక సిలికాన్‌ది పెట్టించుకోవచ్చనీ చెప్పారు.

మా అత్తగారు మాత్రం, "ఈ సంగతి గడప దాటనివ్వకండి. రేపు పిల్లనెవరిస్తారు?" అన్నారు. ఆవిడ భయం ఆవిడది. కానీ పిల్లాడు ఆ మాట విన్నాడు. ఆర్నెల్లపాటు ఎవరి మొహంలోకీ సరిగ్గా చూడలేదు. ఆపరేషన్ గాయం పది రోజుల్లో మానింది. ఈ మాట గాయం మానడానికి మాత్రం ఏళ్ళు పట్టింది.

అందుకే సంబంధాలు చూసేటప్పుడు దాచవద్దని నేను పట్టుబట్టాను. మావారు, వాళ్ళ నాన్న వెళ్ళి అమ్మాయి తండ్రితో చెప్పారు. అమ్మాయితో వాడే చెప్పాడు. రెండు రోజులు అటునుంచి ఫోన్ లేదు. మా ఆడపడుచు నాతో మాట్లాడటం మానేసింది. మూడో రోజు ఆయన ఫోన్ చేసి, "మా డాక్టరుని అడిగానండీ. ఫరవాలేదన్నారు. చెప్పి మంచి పని చేశారు" అన్నారు. 2024 ఫిబ్రవరిలో పెళ్ళి జరిగింది. ఇప్పుడు వాళ్ళకో పాప.

ఇక మీ ఇళ్ళల్లో పనికొచ్చే మాటలు.

పసివాడికి నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని వేణ్ణీళ్ళు పోసేటప్పుడు రెండు బీజాలూ సంచిలో ఉన్నాయో లేదో చూడండి. దిగకపోతే కంగారు వద్దు. కొందరికి మొదటి నెలల్లో వాటంతట అవే దిగుతాయి. ఆరు నెలలకీ దిగకపోతే మాత్రం పిల్లల సర్జన్‌కు చూపించాలి. ఏడాది, ఏడాదిన్నర లోపు చిన్న ఆపరేషన్‌తో దించుతారు. "పెద్దయితే అదే దిగుతుంది" అని వదిలేస్తే ముందు ముందు సంతానానికి ఇబ్బంది కావచ్చు, క్యాన్సర్ ప్రమాదమూ పెరుగుతుంది.

ఎదిగిన పిల్లాడికి అక్కడ ఒక్కసారిగా నొప్పి వచ్చినా, వాపుతో వాంతులైనా అర్ధరాత్రయినా, పరీక్ష రోజైనా ఆసుపత్రికే తీసుకెళ్ళండి. కాపడాలు, ఆముదం పట్లు, తెల్లారాక చూద్దామనుకోవడం వద్దు. కడుపునొప్పి అని మెలికలు తిరుగుతున్నా ఆ మాట కూడా అడగండి.

నొప్పి లేకుండా ఉబ్బితే అది నీరు చేరిన వరిబీజం కావచ్చు. నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే అశ్రద్ధ చేయకూడదు. బీజంలో క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది పదిహేను నుంచి ముప్ఫై అయిదేళ్ళ కుర్రాళ్ళకే. ఆ బీజాన్ని తీసేసి వైద్యం చేస్తారు. తొందరగా కనిపెడితే దాదాపు అందరికీ నయమవుతుంది. నెలకోసారి స్నానం చేసేటప్పుడు చేత్తో చూసుకోమని చెప్పండి.

మీకు నోరు రాకపోతే వాళ్ళ నాన్నతోనో, మేనమామతోనో చెప్పించండి. హాస్టల్‌కి పంపేటప్పుడు ఊరగాయ సీసా, సున్నుండల డబ్బాతో పాటు ఈ ఒక్క మాట కూడా కట్టి ఇవ్వండి: "నాన్నా, ఎక్కడ నొప్పి వచ్చినా ఆ చోటు పేరు చెప్పు. సిగ్గుపడకు."