సైటేషన్లకు అందని సేవ

నందికొట్కూరు చుట్టుపక్కల ఎండిన చేలపై తొలకరి జల్లు పడగానే లేచే మట్టివాసన మీరు ఎరిగినదే. నేలలో నివసించే స్ట్రెప్టోమైసిస్ వంటి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థమే ఆ వాసనకు ప్రధాన కారణం. ఈ జాతి జీవుల నుండే మనం నేటికీ వాడుతున్న పలు యాంటీబయాటిక్‌లు లభించాయి. వాటిలో ఒకదాని చరిత్రలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి ఉన్నది.

మైక్రోబయాలజీ చదివే మన పిల్లల నోట ఇప్పుడు తరచుగా వినిపించే మాట 'సైటేషన్'. ఒకరి పరిశోధనా వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో ఆధారంగా పేర్కొంటే అది ఒక సైటేషన్. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 'హెచ్-ఇండెక్స్' అనే కొలతను ప్రతిపాదించాడు. ఒకరి వ్యాసాలలో ఇరవై వ్యాసాలు కనీసం ఇరవైసార్ల చొప్పున ఉదహరింపబడితే ఆయన సూచిక 20. ఉద్యోగాలు, పదోన్నతులు, నిధులు నేడు చాలావరకు ఈ అంకెల చుట్టూనే తిరుగుతున్నాయి. ఈ కొలబద్ద దేనిని కొలుస్తుంది, దేనిని కొలవలేదు అన్నది సుబ్బారావు గారి జీవితం చూస్తే స్పష్టమవుతుంది.

1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఆహారం ఒంటబట్టక మనిషిని కృశింపజేసే స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరులను బలిగొన్నది. అనంతరం ఆయన అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని నీలిరంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రచురించారు. దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా ప్రయోగశాలలు దానిని అనుసరించాయి. ఆ వ్యాసం వేలసార్లు ఉదహరింపబడింది. ఇందులో వింత లేదు. శాస్త్రలోకంలో అత్యధిక సైటేషన్లు పొందిన వ్యాసం కూడా ప్రోటీన్‌ను కొలిచే పద్ధతిని వివరించినదే. 1951లో లౌరీ బృందం వ్రాసిన దానికి 2014 నాటికే మూడు లక్షలు దాటాయి. అందరికీ అవసరమైన పనిముట్టును అందరూ పేర్కొంటారు.

అంతటి వ్యాసం ఉన్నా హార్వర్డులో ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థ పరిశోధనా విభాగానికి మారారు. ఆయన వృత్తిరీత్యా జీవరసాయన శాస్త్రవేత్త. అయినా అక్కడ సూక్ష్మజీవుల పరిశోధన కూడా ఆయన నేతృత్వంలోనే సాగింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూకు అది ఉపకరించే మందయింది. డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆ ప్రయోగశాలల నుండే వచ్చింది. అక్కడి నుండే అందిన అమినోప్టెరిన్‌తో 1948లో ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు చికిత్స చేయగా, పదిమందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆరియోమైసిన్ వ్యాసం డగ్గర్ పేరున, రక్తక్యాన్సర్ వ్యాసం ఫార్బర్ బృందం పేరున వెలువడ్డాయి. వాటికి వచ్చిన సైటేషన్లు సుబ్బారావు గారి ఖాతాలో చేరవు. 1948 ఆగస్టులో, 53వ ఏట ఆయన కన్నుమూశారు. తరువాత ఒక శిలీంధ్రానికి 'సుబ్బరోమైసిస్' అని పేరు పెట్టి సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు ఆయనను స్మరించుకున్నారు.

సైటేషన్ అబద్ధపు కొలత కాదు. ఒక పని తోటి శాస్త్రజ్ఞులకు ఎంత ఉపయోగపడిందో అది చెబుతుంది. రోగికి ఎంత ఉపయోగపడిందో చెప్పదు. గర్భిణి మింగే ఫోలిక్ ఆమ్లపు మాత్రకు సైటేషన్ ఉండదు. కనుక పిల్లలను అంకెల కోసం తరమకండి. 'అంతర్జాతీయ పత్రికలో ప్రచురితం' అన్న ప్రకటన చూసి ఏ మందునూ నమ్మకండి. ఎంతమంది రోగులపై పరీక్షించారు, ఫలితమేమిటి అని వైద్యుని అడగండి.

ఆ కృషి ఫలాలను వృథా చేయకుండుట మన వంతు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ స్క్రబ్ టైఫస్ జ్వరంలో ప్రాణం నిలుపుతుంది. వైరస్ వల్ల వచ్చే జలుబుకు పనిచేయదు. అవసరం లేకుండా మింగితే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా పోతాయి. అమినోప్టెరిన్ సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజు మాత్రమే వాడాలి. పొరపాటున ప్రతిరోజూ మింగితే ప్రాణాపాయం. మీ ఇంట ఎవరైనా వాడుతుంటే, ఏ వారం మింగాలో మాత్రల పెట్టెపై తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచండి.