గుర్రాల లెక్క

మా పిట్లంలో ఆడపిల్లకు వంట రాకపోతే ఎవరైనా సర్దుకుంటారు గానీ, హెచ్.పి. అంటే ఏమిటో తెలియదంటే మాత్రం నవ్వుతారు. బావి ఉన్న ప్రతి ఇంట్లోనూ పొద్దున లేస్తే అదే మాట. వాళ్ల మోటరు మూడా, అయిదా, ఏడున్నరా? సంబంధాలు చూసేటప్పుడు కూడా ఎన్నెకరాలు అన్న ప్రశ్న తరవాత వచ్చేది అదే. హెచ్.పి. అంటే గుర్రం బలమనీ, ఒక గుర్రం 746 వాట్లతో సమానమనీ నేను కాలేజీ మెట్లెక్కకముందే మోటర్లు చుట్టే ఆయన కొట్టు ముందు నిలబడి నేర్చుకున్నాను.

ఆ చదువు డల్లాసులో అక్కరకొస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు సుమా!

పోయిన ఎండాకాలం మేమిద్దరం తమ్ముడింటికి వెళ్లాం. వెళ్లిన మూడో రోజే నన్ను పంచాయితీకి కూర్చోబెట్టారు. వాడు పడవ కొంటున్నాడట. ఊరికి ఉత్తరాన లూయిస్‌విల్ చెరువుంది. చెరువంటే మన ఊరి చెరువు కాదు, నిజాంసాగర్ లాగా నదికి అడ్డంగా ఆనకట్ట కట్టగా నిలిచిన నీళ్లు. సెలవు రోజున అక్కడ పడవలు మన సంతలో ఎడ్లబండ్లలా ఉంటాయి. పడవ వెనక తాడు కట్టి, గాలి ట్యూబు మీద పిల్లల్ని కూర్చోబెట్టి లాగుతారు. పెద్దవాళ్లు కాళ్లకు పలకలు తొడుక్కుని నీళ్లమీద నిలబడి జారతారు.

పద్ధెనిమిది అడుగుల పడవ ఖాయమైంది. తగువంతా ఇంజను దగ్గర. తొంభై, నూట పదిహేను, నూట యాభై. ఈ మూడింట్లో ఏది?

"నూట యాభై తీస్కుంట అక్కా. మా దోస్తులందరియి గంతకు తక్కువ లెవ్వు" అన్నాడు తమ్ముడు.

"తొంభై చాలు వదినా. మెల్లగ పోతే భయముండదు" అంది మరదలు.

ఆ పిల్ల భయానికి కారణముంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిపోయిన వార్త చూసినప్పటినుంచీ పడవంటే ఆమెకు వణుకు. పైగా ఈత రాదు. మా వారిని తీర్పు చెప్పమంటే ఫోనులోంచి తల ఎత్తకుండా, "మీ ఊరి విషయం, మీరే తేల్చుకోండి" అనేశారు.

నాకు మాత్రం తమ్ముడి మాట వినగానే మా బాపు గుర్తొచ్చాడు.

నాకప్పుడు పదేళ్లు. మా బావికి అయిదు గుర్రాల మోటరు సరిపోతుందని అందరూ చెప్పారు. కానీ పక్క చేను ఆయన ఏడున్నర దించాడు. మరి మా బాపు తక్కువ తింటాడా? తనూ ఏడున్నరే తెచ్చాడు. గంట తిరిగేసరికి బావిలో నీళ్లయిపోయేవి. ఊట ఊరేలోపు పంపు వట్టిగా తిరిగి వేడెక్కేది. దానికి తోడు లోవోల్టేజీ. ఒక రాత్రి మోటరు కాలింది. చుట్టించాడు. మళ్లీ కాలింది. రెండోసారి అమ్మ మెడలోని రెండు పేటల గొలుసు సేటు దగ్గరకు వెళ్లింది. మళ్లీ తిరిగి రాలేదు. అమ్మ ఒక్క మాట అనలేదు. బాపు కూడా అనలేదు. తమ్ముడు అప్పుడు చంకపిల్లవాడు, వాడికేం తెలుసు?

అందుకని చిన్నదే నయమని తీర్పు చెప్పడానికి సిద్ధమై దుకాణానికి వెళ్లాను. అక్కడి ముసలి మెకానిక్కు నా తీర్పును కూడా కొట్టేశాడు.

"ఎంతమంది ఎక్కుతారు? ఏం లాగుతారు?" అని అడిగాడు ముందు. తరవాత చెప్పాడు. ఇలాంటి పడవ మెల్లగా పోతున్నంతసేపు నీళ్లను తోసుకుంటూ పోతుంది. వేగం రాగానే పైకి లేచి నీళ్లమీద జారుతుంది. ఇంజను చాలకపోతే ఆ లేవడమే కష్టం. ముక్కు ఆకాశానికెత్తి ఈడుస్తూ ఉంటుంది. నడిపేవాడికి ముందున్నది కనపడదు. ఇంజను ఎప్పుడూ పూర్తి దమ్ము మీదే కొట్టుకుంటుంది, పెట్రోలూ ఎక్కువే తాగుతుంది. వెనక తాడు పట్టుకున్నవాడు నీళ్లు మింగుతాడు. కాబట్టి చిన్న ఇంజను అంటే భద్రమని కాదు. మరదలి ముఖం చిన్నబోయింది, నాదీ అంతే.

తమ్ముడు మీసం దువ్వబోయాడు. మెకానిక్కు వాణ్నీ వదల్లేదు. పడవలో మేకులు కొట్టి బిగించిన రేకు చూపించాడు. ఇరవై అడుగుల లోపు పడవలకు ఎంతమంది, ఎంత బరువు, ఎన్ని గుర్రాల ఇంజను వరకు తట్టుకుంటుందో అక్కడి చట్టం ప్రకారం రాసి ఉంచాలట. దీనికి గరిష్ఠం నూట యాభై. "గరిష్ఠం అంటే తప్పకుండా కొనమని కాదు" అన్నాడాయన. రేకులో రాసినదానిలో ముప్పాతిక నుంచి తొంభై పాళ్ల మధ్య ఉంటే సంసారానికి సరిపోతుందట. ట్యూబు మీద పిల్లల్ని లాగడానికి గంటకు పదిహేను మైళ్లు దాటనక్కర్లేదు. లాగుడు బలం కావాలంటే గుర్రాల్ని పెంచడం ఒక్కటే దారి కాదు, నీళ్లలో తిరిగే పంకా పిచ్చి తగ్గిస్తే వేగం కాస్త తగ్గి పట్టు పెరుగుతుందట. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు సైకిలు గేరు తగ్గించినట్టన్న మాట.

అన్నట్టు, ఈ పడవ మోటరు కథ కూడా ఒక ఆలుమగల కథే. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన, కాబోయే భార్య బెస్ ఐస్‌క్రీం అడిగితే తెడ్డు వేసుకుంటూ వెళ్లి తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందట. ఆ ఉక్రోషంలో మోటరు తయారుచేశాడని చెప్పుకుంటారు. 1909లో అమ్మకానికి పెట్టిన ఆ మోటరు బలం ఒకటిన్నర గుర్రాలే! లెక్కలూ, వ్యాపారమూ బెస్ చూసుకునేది. ఐస్‌క్రీంకు ఒకటిన్నర చాలింది మరి.

ఆఖరికి ఆరుగురం ఎక్కి, ట్యాంకు నింపించి, నూట పదిహేనుతో నీళ్లమీద తిప్పి చూశాం. ఒంటరిగా నడిపి చూస్తే ఏ ఇంజనైనా బాగానే ఉంటుంది కదా! మా వారి బొజ్జతో సహా ముక్కెత్తి, కాసేపాగి, బుద్ధిగా నీళ్లమీద పరుచుకుంది పడవ.

ఆ రాత్రి తమ్ముడికి గొలుసు సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నాకెవ్వరు చెప్పనే లేదక్కా" అన్నాడు. మర్నాడు నూట పదిహేనుకే సంతకం పెట్టాడు.

మరదలు తన షరతులు తను పెట్టింది. పిల్లలకే కాదు, పెద్దలందరికీ లైఫ్ జాకెట్లు. నడిపేవాడి నడుముకు ఇంజను ఆపే తాడు తగిలించాల్సిందే. మనిషి జారిపడితే తాడు ఊడి ఇంజను ఆగుతుంది. ఇరవై ఆరడుగుల లోపు పడవలకు 2021 నుంచి అది చట్టం కూడా.

మొదటి ఆదివారం మేనల్లుడు ట్యూబు మీద కేరింతలు కొడుతుంటే తమ్ముడి చెయ్యి కొంచెం ముందుకు జరిగింది. "ఇగ చాలు" అంది మరదలు. తగ్గించాడు.

ఆ సాయంత్రం పిట్లంలో ఉన్న అమ్మకు ఫోనులో పడవ చూపించాడు.

"ఎన్ని హెచ్.పి. రా?"

"నూట పదిహేనమ్మా."

అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మో! ఎన్నెకరాలు పారుతదిరా?"

అందరం పగలబడి నవ్వాం. అమ్మ నవ్వలేదు. ఫోనుకు దగ్గరగా జరిగి మెల్లిగా అడిగింది.

"కోడలి మెడల గొలుసున్నదా?"