బ్లేజింగ్ శాడిల్స్: బొమ్మ సరే, శబ్దం సంగతి?

మెల్ బ్రూక్స్ 1974లో తీసిన ఈ కామెడీ వెస్టర్న్ ని నేను మొదట చూసింది పాత డబ్బా టీవీలో. సినిమా 2.35:1, టీవీ 4:3. తెర నిండాలని పక్కలు కోసేస్తే, లెక్క ప్రకారం 43 శాతం బొమ్మ గోవిందా! 2006లో బ్లూరే వచ్చాక ఆ బాధ తీరింది. గ్రెయిన్ ఉందని గొణిగేవాళ్ళకి ఒక్క మాట: అది ఫిల్ముతో పుట్టిందే, బగ్గు కాదు.

నా తగువంతా శబ్దంతోనే. థియేటర్లలో మోనోగా వచ్చిన సినిమాని డిస్కులో 5.1 చేశారు. కొత్త షెరీఫ్ గుర్రమ్మీద వస్తుంటే వెనక జాజ్ మోగుతుంది. నేపథ్య సంగీతమే కదా అనుకుంటాం. కెమెరా జరిగేసరికి కౌంట్ బేసీ ఆర్కెస్ట్రా మొత్తం ఎడారిలో కూర్చుని వాయిస్తోంది! మోనోలో డెక్కల చప్పుడూ, సంగీతమూ ఒకే చోటినించి వస్తాయి కాబట్టే ఆ మోసం పండుతుంది. సంగీతాన్ని గది చుట్టూ పరిచేస్తే వాయించేవాళ్ళు ఒకచోట, వాయిద్యాలు ఇంకోచోట అన్నట్టుంటుంది.

ఇక చిక్కుడుగింజలు తిన్న కౌబాయ్ ల సీను. అమెరికా టీవీ ప్రసారాల్లో ఆ "శబ్దాలు" తీసేసేవాళ్ళు. ఇంకేముంది, మంట చుట్టూ ఊరికే లేచి కూర్చునే మనుషులు!

నేనైతే అన్ని ఛానెళ్ళూ కలిపి మధ్య స్పీకరుకే పంపించి చూస్తాను. పక్కింటివాళ్ళకి ఆ సీను ఎలాగూ వినబడుతుంది.