ఇరవై మూడు గంటల ప్రవాహం

ఏ నదైనా పుట్టినచోట సన్నగా ఉంటుంది, ఉపనదులు కలిసేకొద్దీ బలుస్తుంది. వాయేజర్-1 నుంచి భూమికి వచ్చే రేడియో సంకేతానిది దీనికి తలకిందుల వరస. ఉన్న బలమంతా పుట్టుకలోనే. ఆపైన పోనుపోను పలచబడటమే.

ఆ ఊట మనకు సుమారు 2,500 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. 1977 సెప్టెంబరు 5న బయల్దేరిన నౌక, 3.7 మీటర్ల యాంటెన్నా, ఇరవై పైచిలుకు వాట్ల ట్రాన్స్‌మిటర్. ప్లుటోనియం వేడితో పుట్టే కరెంటు ఏటా 4 వాట్ల చొప్పున తరుగుతుంటే, పరికరాలను ఒక్కొక్కటే ఆపుకుంటూ వస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో కాస్మిక్ కిరణాలను కొలిచే పరికరం వంతు వచ్చింది.

2023 నవంబరులో ఊటలోనే మడ్డి చేరింది. సంకేతం వస్తోంది, అందులో అర్థం లేదు. సమాచారాన్ని కూర్చే కంప్యూటర్‌లో ఒక మెమరీ చిప్ చెడిందని తేలింది. మార్చడానికి వెళ్లలేరు కదా! చెడిన చోట ఉన్న కోడ్‌ను ముక్కలు చేసి, ఖాళీ దొరికిన చోటల్లా సర్దారు. అప్పట్లో ఆదేశం వెళ్లడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబుకు మళ్లీ అంతే. అలా ఓపిక పట్టి 2024 ఏప్రిల్‌లో నౌక బాగోగులు తిరిగి తెలుసుకోగలిగారు.

ఊట నుంచి ఆరు గంటలకు పైగా నక్షత్రాంతర శూన్యంలో నడిచాక సంకేతం హీలియోపాజ్ దాటుతుంది. సూర్యుడి గాలి ఆగిపోయే గట్టు అది. నౌక ఆ గట్టును 2012 ఆగస్టులో దాటింది. ఇవతల చెప్పుకోదగ్గ రేవులేమీ లేవు. 1980లో శని, టైటాన్‌ల దగ్గర దారి పైకి వంగడంతో నౌక గ్రహాల తలాన్ని వదిలేసింది. సంకేతం కూడా ఆ పైనుంచే దిగివస్తుంది.

చివరికి గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రాల్లోని పెద్ద డిష్‌లు దాన్ని పట్టుకుంటాయి. మామూలుగా సెకనుకు 160 బిట్లు, అంతే. దక్షిణాన బాగా కిందికి వెళ్లిన జంట నౌక వాయేజర్-2కు ఆదేశాలు పంపాలంటే కాన్‌బెర్రా 70 మీటర్ల డిష్ ఒక్కటే దిక్కు. 2020లో దాన్ని మరమ్మతుకు ఆపితే నెలల తరబడి ఆ నౌకకు మామూలు ఆదేశాలు వెళ్లలేదు.

ఇలాగే దూరం వెళ్లిన మరో నౌక పయనీర్-10 పాయ 2003 జనవరిలోనే ఎండిపోయింది. వాయేజర్ల స్థానంలో ఇప్పుడు కొత్త నౌకను పంపినా హీలియోపాజ్ చేరడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి ఎన్ని కొత్త నౌకలు డిష్‌ల కోసం వరస కట్టినా, ఆఖరి పరికరం ఆగేదాకా ఈ రెండు వాయేజర్ల వంతుకు కోత పెట్టకూడదు.