పాత ల్యాప్‌టాపు

మా యమ్మాయి డిగ్రీ చదువునకై నిరుడు మేమొక పాత ల్యాప్‌టాపును కొంటిమి. క్రొత్తది కొనుటకు మాకు స్తోమత చాలదు. అమ్మినవాడు బ్యాటరీ దివ్యముగా నున్నదని చెప్పెను. ఇంటికి తెచ్చిన మరునాడే కరెంటు పోగా దీపముతోపాటు యంత్రమును ఆరిపోయెను. పిల్ల రెండు గంటలు వ్రాసినదంతయు మాయమయ్యెను.

మరమ్మతువాడు చూచి, మదర్‌బోర్డు చెడినదనియు ఆరువేలగుననియు చెప్పెను. అంత సొమ్ము పోయుటకు ముందు మేమే యొకసారి చూతమని కూర్చుంటిమి. పొయ్యి మండకున్న ముందుగా గ్యాసుబండను చూతుము గాని పొయ్యి మార్చము గదా!

ప్లగ్గు పెట్టియున్నను చార్జి యగుట లేదని తెర చెప్పుచుండెను. యంత్రపు అడుగునను చార్జరుపైనను గల చీటీలను ప్రక్కప్రక్కన చదివితిమి. రెండింటను వోల్టులు 19.5. కాని యంత్రము కోరునది 3.34 ఆంపియర్లు, చార్జరిచ్చునది 2.31. గుణించిచూడగా 65 వాట్లు కావలసినచోట 45 మాత్రమే! ఈపాటి సంగతి మరమ్మతువానికి తోచకపోవుట మాకిప్పటికిని వింతయే. తగిన చార్జరు తెప్పింపగా చార్జి యెక్కెను.

అయినను అరగంటలో నడుగంటుచుండెను. విండోసు యంత్రములలో ‘పవర్‌సీఎఫ్‌జీ’ యను నాజ్ఞతో బ్యాటరీ చరిత్రను తెలుపు నివేదిక వచ్చును. అమ్మాయి దానిని తీసి చూపెను. తయారైననాటి శక్తి 42,000 మిల్లీవాట్-అవర్లు. ఇప్పుడు నిండుగా నెక్కినను 13,000. లిథియం-అయాన్ బ్యాటరీ వాడినను వాడకున్నను ఏండ్లు గడచినకొలది క్షీణించును. వేడి తగిలిన మరింత త్వరగా క్షీణించును.

అప్పుడే మరియొకటి కంటబడెను. టచ్‌ప్యాడు నొక్కుడు పడదు. బల్లపై నుంచిన యంత్రము అటునిటు నూగుచున్నది. లోపల బ్యాటరీ పొంగినది! అందలి ద్రవ్యములు చెడి వాయువు పుట్టిన నిట్లగును. అట్టిదానిని గ్రుచ్చినను, నొక్కినను, మరల చార్జి పెట్టినను నిప్పంటుకొనవచ్చును. పిల్ల దానిని పరుపుపై నుంచుకొని యెన్ని రాత్రులు చదివినదో తలచుకొన్న మాకిప్పటికిని గుండె దడదడలాడును.

వెంటనే ప్లగ్గు తీసి, యంత్రమునార్పి, వేరొక దుకాణమున బ్యాటరీ మార్పించితిమి. మొదటివాడు చెప్పిన దానిలో సగము కూడ కాలేదు. 2022 నాటి ప్రభుత్వ నియమముల ప్రకారము పాత బ్యాటరీని ఇంటిచెత్తలో కలుపరాదు. ఆ దుకాణమువారే పుచ్చుకొనిరి. బయటికి తీసిన దానిని చూచి మా యమ్మాయి, “అమ్మా, పూరీవలె పొంగినదే!” యని నవ్వెను. మాకు నవ్వు రాలేదు.