సముద్రం లేని ఊళ్ళో ఉప్పు పట్టిన రీళ్ళు

రాయ్‌పూర్‌లో మెరైన్ డ్రైవ్ ఉంది. తెలీబాంధా చెరువు చుట్టూ నడకబాట వేసి, దీపాలు పెట్టి, ఆ గట్టుకి ఆ పేరు పెట్టుకున్నారు. ఇక నిజం సముద్రం కావాలంటే కనుమలు దాటి విశాఖపట్నం దాకా రావాల్సిందే. ఆ ఊరి తెలుగువాళ్ళు వస్తున్నారు కూడా, గేలం కర్రలు భుజాన వేసుకుని. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద నాకు తగిలారు. ఉప్పునీళ్ళలో నాలుగేళ్ళు నిలిచే స్పిన్నింగ్ రీలు తక్కువలో ఏదొస్తుందని మాటల్లో అడిగితే, వాళ్ళు దుకాణం పేరు చెప్పలేదు. “మా మిస్త్రీ గారిని అడగండి. రీళ్ళు కొనిపెట్టడు, చచ్చినవి విప్పుతాడు” అన్నారు.

విశాఖలో ఇన్ని పడవలు, ఇంతమంది గేలగాళ్ళు ఉండగా రీలు గురించి రాయ్‌పూర్ వెళ్ళి అడగడమేమిటని ఇంట్లో నవ్వారు. అటువైపు వేరే పనీ ఉంది కనక వెళ్ళాను.

రాయ్‌పూర్‌కీ మన తీరానికీ చుట్టరికం పాతదే. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు పట్టాలు 1931 నాటికి పడ్డాయి. మరో రెండేళ్ళకి, 1933లో, విశాఖ రేవు తెరిచారు. మధ్య పరగణాల ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి వేసిన దారి అది. ఖనిజం ఇటు దిగింది, విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు మనుషులు అటు ఎక్కారు. రైల్వేలోకి కొందరు, ఆ తరవాత భిలాయ్ ఉక్కు కర్మాగారంలోకి మరెందరో. మిస్త్రీ గారి నాన్నగారిది బొబ్బిలి దగ్గర పల్లె. ఆయన మాత్రం పుట్టిందీ పెరిగిందీ రాయ్‌పూర్‌లోనే, వ్యాగన్ మరమ్మతు కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీ దగ్గర ఇల్లు. ముందు వరండాలో బల్ల, బల్లకి బిగించిన చిన్న వైసు, మెడ వంచే దీపం, మూతలున్న స్టీలు గిన్నెలు. ఒక్కో గిన్నెలో ఒక్కో రీలు విప్పిన భాగాలు.

“రండి బాబూ, టీ తాగుతారేటి?” అంటూనే చేతిలో పని ఆపలేదు.

ఆ వేళ బల్ల మీదున్న రీలు చూడ్డానికి కొత్తదిలాగే ఉంది. నల్లరంగు, అంచుల్లో బంగారు గీతలు, పక్కన 13+1 అని పెద్ద అక్షరాలు. హ్యాండిల్ తిప్పబోతే కదల్లేదు. పక్క పలక పట్టి ఉంచే మరమేకుల్లో రెండు వచ్చాయి, మూడోది రాలేదు. ఆయన దాని తల మీద ఓ చుక్క నూనె వేసి, గిన్నె పక్కకి జరిపి, అరగంట ఆగుదామన్నారు. అల్యూమినియం ఒంట్లో స్టీలు మేకు, ఆ రెంటి నడుమ ఉప్పుతడి. అలాంటి చోట అల్యూమినియమే తరిగిపోయి, తెల్లటి బూడిదగా మారి, మేకుని పట్టేస్తుంది. బలం చేస్తే మేకు తల తెగుతుంది తప్ప మరలు ఊడవు.

అరగంటకి ఊడింది. లోపల గ్రీజు ఉండాల్సిన చోట గోధుమరంగు బంక. పినియన్ గేరు ఇత్తడిది, దాని పళ్ళ మధ్య ఆకుపచ్చటి చిలుము. చిన్న బేరింగులు ఒక్కొక్కటే సూదిమొనతో తీసి తెల్ల కాగితం మీద పెట్టారు. కాగితం మీద తుప్పు రంగు గుండ్రాలు పడ్డాయి. “పదమూడు ఉన్నాయంట. పదమూడూ తిరగవు. మంచివి నాలుగుంటే సాలదా బాబూ?”

నేను అడగాల్సిన మొదటి ప్రశ్నకి జవాబు అలా వచ్చేసింది. పెట్టె మీద బేరింగుల అంకె పెంచడానికి ఖర్చు పెద్దగా అవదు. నాసిరకం గుండ్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూరుస్తారు. ఉప్పునీళ్ళకి ప్రతి బేరింగూ తుప్పు పట్టడానికి ఇంకో చోటే అవుతుంది. పేరున్న పెన్ బ్యాటిల్‌లో ఉండేవి 5+1 మాత్రమే.

అయితే ఇదే రీలు ధంతరి దగ్గర గంగ్రేల్ డ్యాములో బొచ్చెలూ శీలావతులూ పట్టేవాడి దగ్గర హాయిగా బతికేదట. మహానది మంచినీళ్ళు ఏ లోపాన్నయినా ఏళ్ళ తరబడి దాచిపెడతాయి. పైగా రాయ్‌పూర్ రీళ్ళకి ఇంకో గండముంది, అది నాకు తట్టనిది. విశాఖ రాళ్ళ మీద పొద్దున్నుంచి నిలబడ్డవాడు సాయంత్రం రైలందుకునే తొందరలో రీలుని అలాగే సంచిలో కుక్కుతాడు. తడి బయటికి పోకుండా పైన పాలిథిన్ కవరు కూడా. రాత్రంతా ప్రయాణం. ఇంటికొచ్చి, పడుకుని, మర్నాడు డ్యూటీ. ఆదివారం గుర్తొచ్చి విప్పేసరికి వారం. ఉప్పు గాల్లో తేమని కూడా లాక్కుంటుంది కాబట్టి ఆ వారమంతా రీలు తడిలోనే ఉన్నట్టు లెక్క. ఒడ్డున ఉండే నాలాంటివాడు ఆ రాత్రే కడుగుతాడు కనక తప్పుడు రీలు కొన్నా కొన్నాళ్ళు నడిచిపోతుంది. సముద్రం ఏ భాగాన్ని ముందు తింటుందో ఆయన బల్ల మీద తెలిసినంత తేటగా మా ఊళ్ళో ఎందుకు తెలియదో అప్పుడర్థమైంది.

ముందు తినేది లైన్ రోలర్‌ని. బెయిలు తీగ చివర దారం వంగి తిరిగే చోట ఉండే బుల్లి చక్రం అది. ప్రతి విసురుకీ తడిదారం ఉప్పుని తెచ్చి అక్కడే పిండుతుంది. అది బిగుసుకుంటే పైకేమీ తెలియదు, రీలు తిరుగుతూనే ఉంటుంది. కానీ అల్లిక దారం దాని మీద ఒరుసుకుని గాడి కోస్తుంది, ఆ గాడి మళ్ళీ దారాన్ని కోస్తుంది. మంచి చేప పడ్డ రోజే తెగుతుంది. ఆయన ఓ రోలర్‌ని దీపం కింద పెట్టి నా గోటితో తడమమన్నారు. గోరు గాడిలో దిగి ఆగింది. కొనేటప్పుడు బెయిలు తెరిచి, ఓ దారం ముక్కని రోలర్ మీద వేసి అటూ ఇటూ లాగి చూడాలట. చక్రం తిరగాలి, దారం జారకూడదు. ఏ దుకాణమైనా కాదనలేని పరీక్ష ఇది, డబ్బు ఖర్చు లేనిది.

తరవాతది డ్రాగ్. చేప లాగినప్పుడు స్పూలు కాస్త కాస్త దారం వదలడానికి మధ్యలో వాషర్ల దొంతర ఉంటుంది. చౌకవాటిల్లో అవి గుడ్డలాంటి ఫెల్టువి. నీళ్ళు తాగి అణిగిపోతాయి, ఎండాక అతుక్కుంటాయి. కార్బన్ ఫైబర్‌వి అయితే వేడికీ తడికీ ఓర్చుకుంటాయి. పెన్ కంపెనీ హెచ్.టి.-100 అని పేరు పెట్టి చాలా రీళ్ళలో వేసేవి అవే. ఇక పెట్టె మీద ‘గరిష్ఠ డ్రాగ్ 15 కిలోలు’ లాంటి అంకెలకి మురిసిపోనక్కర్లేదు. పదిహేను కిలోల దారం కట్టినవాడు డ్రాగ్‌ని దాని బలంలో నాలుగో వంతుకో మూడో వంతుకో పెట్టుకుంటాడు. అంటే నాలుగైదు కిలోలు. ఆ నాలుగైదు కిలోల దగ్గర కుదుపు లేకుండా వదులుతోందా లేదా అన్నదే ప్రశ్న. కుదుపుతో వదిలే పదిహేను కిలోల డ్రాగ్ కన్నా మెత్తగా వదిలే ఎనిమిది కిలోలది మేలు.

ఒంటి మాటకొచ్చేసరికి మా ఇద్దరికీ వాదన పడింది. గ్రాఫైట్ ఒంటికి తుప్పే పట్టదు కదా, ఉప్పునీళ్ళకి అదే మంచిది కదా బాబాయ్ గారూ అన్నాను. ఆయన సంచిలోంచి ఒకటి తీసి నా చేతికిచ్చి, కర్ర తగిలించే కాడ ఓ చేత్తోనూ స్పూలు ఇంకో చేత్తోనూ పట్టుకుని వంచమన్నారు. వంగింది. మరీ ఎక్కువ కాదు, కంటికి తెలిసేంత. “వ్యాగన్‌కి ఫ్రేము మెలిపడితే చక్రం మంచిదైనా ఏటి లాభం? పట్టా మీద నిలబడదు.” ఒళ్ళు వంగితే లోపల గేరు పళ్ళు ఒకదానికొకటి పూర్తిగా పట్టవు, అంచుల మీదే అరుగుతాయి. భీమిలి దగ్గర గోస్తనీ మొగలో చిన్న చేపలకైతే గ్రాఫైట్ చాలు. రాళ్ళ మీంచి బరువైన ఎర విసిరి పారలకీ కోనాలకీ కూర్చునేవాడికి లోహపు ఒళ్ళే ఉండాలని ఆయన తీర్పు. తుప్పు సంగతి కడుక్కోవడంతో పోతుంది, వంగుడు ఏం చేసినా పోదు. ఒప్పుకున్నాను.

ఇంతలో స్పూలు చేతిలో పట్టుకుని ఆయనకో పాత కథ గుర్తొచ్చింది. 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే ఉన్ని మిల్లు యజమాని ఈ రకం రీలుకి పేటెంటు తీసుకున్నాడు. స్పూలు తిరగదు, దారమే కొసనుంచి చుట్లుగా జారుతుంది, మిల్లులో కండె మీంచి నూలు జారినట్టు. రైల్వే లైబ్రరీలో చదివారట. ఆ రోజుల నుంచీ మారింది లోహాలూ ధరలూ తప్ప ఒడుపు కాదంటారు ఆయన.

మరి నీళ్ళు చొరకుండా సీలు వేసిన రీళ్ళో? పెన్ స్పిన్‌ఫిషర్ ఆరో తరంలో ఐ.పి.ఎక్స్.5 అంటారు, స్లామర్‌లో ఇంకో మెట్టు పైన. నీటి ధార కొట్టినా లోపలికి రాదని దాని అర్థం, నీళ్ళలో ముంచమని కాదు. పడవ మీద రోజూ అలల తుంపర్లలో ఉండేవాడికి డబ్బు పెట్టదగ్గదే. డైవా మాగ్‌సీల్ ఇంకో తీరు, అయస్కాంతం పట్టి ఉంచే నూనె పొరే అక్కడ అడ్డం. అది విప్పితే ఆ పొర చెదురుతుంది, కంపెనీ కేంద్రానికి పంపుకోవాలి. రాయ్‌పూర్ వరండాలో దాన్ని ముట్టుకోనని మిస్త్రీ గారు ఖండితంగా చెప్పేశారు. ఏడాదికి నాలుగైదుసార్లు సముద్రానికి వచ్చేవాడికి ఆయన సలహా: సీలుకి పెట్టే డబ్బు ఒంటికీ గేరుకీ పెట్టు, సులువుగా విప్పుకోగలిగేది కొను.

సులువుగా అంటే ఆయన లెక్క వేరు. పక్క పలక మామూలు స్క్రూడ్రైవరుతో రావాలి. హ్యాండిల్ గేరులోకే మర తిరిగి బిగియాలి, అడ్డంగా పొడుగు మేకు దూర్చి బిగించేది అయితే కొన్నాళ్ళకి లొడలొడమంటుంది. విడిభాగాలు దేశంలో దొరకాలి. ఈ మూడిటికీ నిలిచేవాటిల్లో ఆయన బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి, వచ్చినా బతికి వెళ్ళేవి పెన్ బ్యాటిల్, 2016లో వచ్చిన డైవా బి.జి. రెండూ లోహపు ఒళ్ళే, రెండిటికీ కార్బన్ డ్రాగే. షిమానో స్టెల్లా లాంటివి ఒక్కొక్కటి స్కూటరు ధరలో ఉంటాయి. వాటి జోలికి మేమిద్దరం పోలేదు. రెండు వేల లోపువాటిని ఆయన తిట్టరు, చెరువుకి కొనుక్కోమంటారు. ఇబ్బందంతా నడిమి ధరలో ఉంది. ఐదారు వేలు పెట్టి మెరుపులూ అంకెలూ కొనేవాడు ఇంకొంచెం ఆగి, కూడబెట్టి, పైమెట్టులో లోహపు ఒళ్ళు కొంటే రెండేళ్ళలో ఖర్చు తక్కువే తేలుతుంది. సైజు ఎంత కావాలని అడిగితే, రాళ్ళ మీంచి విసరడానికి 5000 అన్నారు. పడవెక్కి కోనాల వెంట తిరిగితే 6000కి పోవచ్చు. అంతకు మించితే పొద్దంతా విసిరే చెయ్యి ఒప్పుకోదు.

కొన్నాక మొదటి పని గురించి ఆయన చెప్పింది ఏ పుస్తకంలోనూ చూడలేదు. కొత్త రీలుని సముద్రానికి తీసుకెళ్ళక ముందే బయటి మేకులు ఒక్కొక్కటే విప్పి, మరలకి సన్నగా గ్రీజు రాసి మళ్ళీ బిగించాలి. ఉప్పు చొరబడాల్సిన సందులో గ్రీజు ముందే కూర్చుంటుంది. పావుగంట పని. వారంటీ పోతుందేమోనని భయపడేవాళ్ళు హ్యాండిల్ మరకీ బెయిలు మేకులకీ రాసినా చాలు.

ఇక కడగడం. బకెట్లో ముంచకూడదు, పైపుతో కొట్టకూడదు, రెండూ ఉప్పుని లోపలికి తోస్తాయి. లాడ్జి బాత్‌రూములో డ్రాగ్ బిగించి, మగ్గులో మంచినీళ్ళు చేత్తో చిలకరించి, రోలర్ దగ్గరా బెయిలు మూలల్లో వేలితో రుద్ది, పాత లుంగీ గుడ్డతో తుడవాలి. డ్రాగ్ వదులు చేసి, గుడ్డలోనే చుట్టి రైలెక్కాలి, పాలిథిన్ మాత్రం వద్దు. రోలర్‌కి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. గేరుకి గ్రీజు, బేరింగుకి నూనె. హ్యాండిల్ వెనక్కి తిరగనివ్వని క్లచ్చి బేరింగుకి గ్రీజు తగిలితే అది పట్టు తప్పుతుంది కాబట్టి అక్కడ చెయ్యి పెట్టొద్దు.

బల్ల మీది నల్లరీలు చివరికి బతకలేదు. పినియన్ అరిగింది, ఆ పినియన్ ఎక్కడా దొరకదు. తయారుచేసినవాడి పేరే పెట్టె మీద లేదు, అమ్మినవాడి పేరుంది. స్పూలు మాత్రం బాగుందని, ఎవరికైనా పనికొస్తుందని దాన్ని వేరే గిన్నెలో వేశారు.

విశాఖ వచ్చాక సీలు లేని, లోహపు ఒంటి 5000 సైజు రీలు కొన్నాను. ఆయన చెప్పినట్టే రోలర్ బేరింగులు రెండూ, డ్రాగ్ వాషర్ల జత ఒకటీ అప్పుడే తెప్పించమన్నాను. మోడల్ మారిపోతే తరవాత దొరకవు. కౌంటర్లో కుర్రాడికి ఆ భాగాల నంబర్లు ఎలా కనుక్కోవాలో తెలియలేదు. పెట్టె అడుగున మడతపెట్టి ఉండే కాగితంలో రీలంతా విడివిడిగా గీసి, పక్కన నంబర్లు వేసి ఉంటారు. చాలామంది దాన్ని పెట్టెతో పాటు అక్కడే వదిలేసి పోతారట. మిస్త్రీ గారి దగ్గర ఆ కాగితాలే ఓ ఫైలు నిండా ఉన్నాయి. నాదాన్ని ఫొటో తీసి ఆయనకి పంపాను, అసలుది టాకిల్ డబ్బాలో పెట్టుకున్నాను.